జీపీఎస్ లెక్కలు, అయాన్ల తిప్పలు

మొన్న పిస్కాటవేలో రూట్ 18 మీద వెళ్తుంటే ఫోన్ మ్యాప్ మమ్మల్ని పక్క రోడ్డు మీద చూపించింది. "ఉపగ్రహానికే తెలియకపోతే ఎలా అమ్మా?" అన్నాడు మా అబ్బాయి. ఆ రోజు తప్పు చాలావరకు చెట్లదీ బిల్డింగులదీ అయ్యుండొచ్చు. కానీ ఇంకో కారణం కూడా ఉంది. బీఎస్సీ అయిన ఇన్నేళ్లకు దానికోసం మళ్లీ ఫిజిక్స్ తిరగేశాను.

జీపీఎస్ సిగ్నల్ సుమారు 20,200 కిలోమీటర్ల పైనుంచి వస్తూ ఐనావరణం, అంటే అయనోస్ఫియర్, దాటాలి. అక్కడ సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు గాలి కణాలు అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతాయి. అయాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లూ ఇంచుమించు అన్నే. ఈ ఎలక్ట్రాన్లే సిగ్నల్‌ను ఆలస్యం చేస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీ వాడే ఫోన్ ఆ ఆలస్యాన్ని కొలవలేదు. ఉపగ్రహం పంపే 8 సంఖ్యలతో అంచనా వేసుకుంటుంది. దాంతో పోయేది దాదాపు సగం తప్పే!

శాస్త్రవేత్తల దగ్గర ఇంతకన్నా పెద్ద నమూనా ఉంది, ఇంటర్నేషనల్ రిఫరెన్స్ అయనోస్ఫియర్. ఏళ్ల తరబడి చేసిన కొలతల సగటు అది. సగటు కాబట్టే చిక్కు. 2008 ఏప్రిల్‌లో అమెరికా వైమానిక దళం సీ/నాఫ్స్ అనే ఉపగ్రహాన్ని పంపింది. అందులో అయాన్లను కొలిచిన పరికరాలు మన పిల్లలు ఎందరో చదువుకునే డల్లాస్ యూటీడీవి. మజ్జిగ కదపకుండా ఉంచితే చిక్కనిది అడుగుకి, తేట పైకి చేరినట్టు, బరువైన ఆక్సిజన్ అయాన్లు కింద, తేలికైన హైడ్రోజన్ అయాన్లు పైన ఉంటాయి. ఒకటి తగ్గి రెండోది పెరిగే ఆ సరిహద్దు రాత్రిళ్లు మామూలుగా 640 కిలోమీటర్ల దగ్గర ఉండాలి, 420 దగ్గరే దొరికింది. పగలు 960 దగ్గర ఉండాల్సింది 800 చేరడమే కష్టమైంది. ఆ ఏడాది సూర్యుడు మరీ మందకొడిగా ఉన్నాడు, పాత సగటుకు అది అలవాటు లేదు.

మన ఊళ్ల మీద వ్యవహారం ఇంకా తిరకాసు. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది. పగలు అక్కడ అయాన్లు, ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా లేచి, తెలుగు నేల దాటి మధ్యభారతం వైపు దిగుతాయి. 1994లో శ్రీహరికోట నుంచి వెళ్లిన స్రాస్-సీ2 ఉపగ్రహం ఈ అయాన్ల సాంద్రతనూ వేడినీ కొలిచింది, ఆ కొలతలను పై నమూనాతో చాలామంది పోల్చి చూశారు. విమానాల కోసం గగన్ వ్యవస్థ కట్టేటప్పుడు ఒకే పల్చటి పొర అనుకునే లెక్క ఇక్కడ చాలదని, ఇస్రో పలు పొరల నమూనా తయారుచేసుకుంది. ఫోన్ మ్యాప్ రోడ్డు మార్చి చూపిస్తే మనం నవ్వుకుంటాం, రన్‌వే మీదికి దిగే విమానానికి ఆ వెసులుబాటు లేదు.