యుద్ధం పోయిన తరువాత సాము

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. ఆ పండుగ రోజులలో పులివేషాలతో, తప్పెటగుళ్ళతో పాటు సాముగరిడీ కూడ వీధి కెక్కుతుంది. డప్పు జోరు హెచ్చినకొద్దీ కర్ర కనిపించడం మాని, ఒక చక్రం మాత్రమే కనిపిస్తుంది. చుట్టూ మూగిన పిల్లలకు అది వేడుక. వేడుక కాకపూర్వం అది ప్రాణరక్షణకై నేర్చిన విద్య అన్న సంగతి వారికి చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.

ఈ సీమలోని కోటలకు కత్తి పట్టగల బంట్లు కావలసిన కాలం ఒకటి ఉండేది. 1757 జనవరి 24న బొబ్బిలిలో జరిగిన యుద్ధం ఆ విద్యకు శిఖరమూ, అవసానమూ కూడ. బుస్సీ ఫిరంగుల ముందు కోటగోడ నిలువలేదు. గోడ పడిన పిమ్మట కత్తివాని నేర్పు కోటను కాపాడలేదు. తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రుశిబిరం చొచ్చి విజయరామరాజును పొడిచి పగ తీర్చుకొన్నాడు. పగ తీరినది గాని బొబ్బిలి తిరిగి రాలేదు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద కుంపిణీ సేనను ఎదిరించి మరియొక విజయరామరాజు నేలకొరిగినాడు. ఆ తరువాత విజయనగరానికి సొంత యుద్ధాలు లేవు. 1878లో ఆయుధాల చట్టం వచ్చినది. కత్తికి పని పోయినది. కర్ర, గోదా, సంగిడిరాయి మిగిలినవి.

పని పోయిన యుద్ధవిద్య ఏమి కావలె? సరిగా ఆ కాలంలోనే జపానుకు కూడ ఈ ప్రశ్న ఎదురైనది. సమురాయిలు కత్తి ధరించి తిరుగరాదని 1876లో అక్కడి ప్రభుత్వం శాసించినది. 1882లో జిగోరో కానో టోకియోలో కోదోకాన్ అనే శిక్షణశాల స్థాపించి, పాత జుజుత్సును సంస్కరించి జూదో అని పేరు పెట్టినాడు. 'జుత్సు' అంటే నేర్పు, 'దో' అంటే మార్గం. శత్రువును పడగొట్టే నేర్పు మనిషి తన్ను తాను దిద్దుకొనే మార్గమైనది. కానో వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసినాడు. అందువలననే కాబోలు, జూదోకు క్రమం, తరగతులు, అంతస్తులు ఏర్పడినవి.

మన వైపు కూడ ఒక ఉపాధ్యాయుడు లేకపోలేదు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరం ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయు డైనాడు. తరువాత సర్కసు పెట్టి దేశమంతా తిరిగినాడు. భుజాలకు బిగించిన ఇనుపగొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవాడు. రెండు మోటారుకార్లను చెరొక చేతికి కట్టి నడిపించినా అవి కదలలేకపోయేవి. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనేవాడు. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులస్' అని లోకం కీర్తించినది. ఆ బలమంతా కండలది కాదు. శ్వాసను స్తంభింపజేసే సాధనదని ఆయన చెప్పేవాడు. అవసానదశలో ఒక కాలు పోగొట్టుకొని, 1942లో ఒరిస్సాలో కన్నుమూసినాడు.

జపాను విద్య బడిలో ప్రవేశించినది. మన విద్య బడి విడిచి డేరాలోనికి పోయినది. ఇందులో రామమూర్తి దోషం ఏమీ లేదు. వ్యాయామోపాధ్యాయుని జీతంతో ఏనుగును పోషించడం సాధ్యం కాదు గదా! అయితే డేరా ఎత్తివేసిననాడు జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయినారు. గొలుసు తెగడం అందరూ చూసినారు. దాని వెనుక నున్న ఊపిరి పాఠం కొద్దిమందికే అందినది.

శ్రీకాకుళంలోని క్రీడాస్థలానికి రామమూర్తి పేరు పెట్టినారు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం నిలిచినది. పల్లెలలో మాత్రం పండుగనాడు సంగిడిరాయి చుట్టూ యువకులు ఇంకా గుమికూడుతారు. ముందుగా ఒకడు వంగి, రాతి బరువు తెలియక పోయినా, మొదట ఊపిరి పీల్చుకొంటాడు.