పిల్లల ఫొటోకు కత్తెర వేసేముందు...

విశాఖపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. ఇది బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలిసిన సంగతే. కాని సెలవురోజున పిల్లల్ని రామకృష్ణా బీచికి తీసుకొచ్చి ఫొటోలు తీసే తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ సమయానికి అది గుర్తుండదు. పొద్దున్నే సముద్రాన్ని వెనక పెట్టి పిల్లను నిలబెడతారు. ఎండ పిల్ల వీపు మీద కొడుతుంది. ఆకాశం తెల్లగా, పిల్ల మొహం నల్లగా వస్తుంది. ఫోను మంచిది కాదని తీర్పు చెప్పి ఇంటికి పోతారు.

ఫోనుది తప్పు కాదు. తండ్రి నాలుగడుగులు నడిచి నీళ్ళవైపు వెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి తీస్తే అదే పిల్ల మొహం వెలిగిపోతుంది. కళ్ళు చికిలిస్తుందన్న చిక్కు లేకపోలేదు. అందుకే ఈ ఊళ్ళో పిల్లల ఫొటోలకు సాయంత్రమే అనువైన వేళ. బీచిరోడ్డు మేడల వెనక్కి పొద్దు వాలాక ఇసుకంతా నీడలోకి వస్తుంది. వెలుతురు ఆకాశంనుంచి మెత్తగా దిగుతుంది. కళ్ళు మూయనక్కరలేదు, మొహం మీద గాటు నీడలు ఉండవు. ఆ అరగంటలో మూరీ మిక్చర్ పొట్లం చేతికిచ్చి పిల్లాణ్ణి వాడి మానాన వదిలేస్తే చాలు. "ఇటు చూడు నాన్నా, నవ్వు నాన్నా" అని వెంటపడకపోతే ఇంకా మంచిది.

గీత చెవిలో దూరితే

పిల్లల్ని పిల్లల ఎత్తులోంచి తీయాలని ఫొటోలు తెలిసినవారంతా చెబుతారు. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దది, కాళ్ళు పొట్టివి అవుతాయి. సలహా మంచిదే. బీచిలో మాత్రం దానికొక మెలిక ఉంది. నీరూ ఆకాశం కలిసేచోట కనిపించే గీత ఎప్పుడూ కెమేరా ఎత్తులోనే ఉంటుంది. కెమేరాను సరిగ్గా పిల్ల కళ్ళ ఎత్తుకు దించితే ఆ గీత ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి బయటికి వచ్చినట్టు పడుతుంది. కాస్త దించితే మెడ మీద కత్తిలా ఉంటుంది. ఇసుకలో చతికిలబడి కెమేరాను పిల్ల నడుము ఎత్తున పట్టుకుంటే గీత నడుము దగ్గరికి దిగిపోతుంది. తల చుట్టూ ఆకాశం మాత్రమే మిగులుతుంది. ఇసుక వాలుగా ఉంటుంది కాబట్టి కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది. బట్టలకు ఇసుక అంటుతుందని జంకేవారికి ఈ పద్ధతి పనికిరాదు.

వెనుకటి స్టూడియోవారికి ఈ బాధ లేదు. యాషికా వంటి రెండు కటకాల కెమేరాను పొట్ట దగ్గర ఆనించుకుని, పైనున్న అద్దంలోకి తల వంచి చూసి తీసేవారు. పెద్దవాళ్ళ నడుము ఎత్తూ, నాలుగేళ్ళ పిల్ల ఎత్తూ ఇంచుమించు ఒకటే. ఆ కాలపు ఫొటోల్లో పిల్లలు చూసేవారి కళ్ళలోకి సూటిగా చూస్తున్నట్టు ఉండడానికి ఆ కెమేరాను పట్టుకునే తీరు కూడా ఒక కారణం.

మరి ఆ ఫొటోల్లో పిల్లలు కొయ్యబొమ్మల్లా ఎందుకు ఉన్నారు? దానికీ కారణం ఉంది. 1900లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఒక డాలరుకు బ్రౌనీ డబ్బా కెమేరాను అమ్మినప్పటినుంచి ఇంటింటి ఫొటోల కాలం మొదలైంది. మన దగ్గర ఆ పని ఆగ్ఫా క్లిక్ త్రీ కొంతకాలం చేసింది. 1980లలో హాట్‌షాట్ వచ్చింది. డబ్బా కెమేరాలో మీట నొక్కితే తలుపు సెకనులో ముప్ఫయ్యో వంతో, యాభయ్యో వంతో తెరిచి ఉండేది. పరుగెత్తే పిల్లాణ్ణి చెరిగిపోకుండా పట్టాలంటే సెకనులో రెండువందల యాభయ్యో వంతు కావాలి. పైగా చదరపు ఫొటోల రోలుకు వచ్చేవి పన్నెండే బొమ్మలు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో 'ఇందు' ఫిల్ము తయారీ మొదలుపెట్టాక కూడా ఇంట్లో ఒక రోలు పండక్కీ పుట్టినరోజుకీ కలిపి సరిపెట్టుకునే వస్తువే. పన్నెండింట్లో ఒకటి పాడైతే ప్రాణం ఉసూరుమనేది. అందుకే "కదలకు" అన్న అరుపు. ఇప్పుడు ఆ లెక్క లేదు. అరుపు మాత్రం మిగిలింది.

భోగిపళ్ళు ఎక్కడినుంచి పడ్డాయి?

తీయడం సగం పని. మిగతా సగం కత్తెరది. తెలుగిళ్ళల్లో పిల్లల ఫొటోలకు ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

భోగినాటి సాయంత్రం చూడండి. పీటమీద మూడేళ్ళ పాప. చుట్టూ అత్తలు, పిన్నులు, పక్కింటివారు. రేగిపళ్ళు, చెరుకుముక్కలు, చిల్లర, బంతిపూరేకులు కలిపి దోసిళ్ళతో తలమీద పోస్తున్నారు. పాప కళ్ళు గట్టిగా మూసుకుంది, ఒక చెయ్యి మాత్రం ఒళ్ళో పడిన రూపాయి బిళ్ళ మీద ఉంది. మంచి ఫొటో పడింది. మర్నాడు దాన్ని చుట్టాలకు పంపేముందు పాప మొహం ఒక్కటీ ఉండేలా చుట్టూ కోసేశారు. ఇప్పుడా ఫొటోలో రేగిపళ్ళు ఆకాశంనుంచి రాలుతున్నాయి. పోసిన మామ్మ చెయ్యి లేదు. పాప కళ్ళెందుకు మూసుకుందో, ఎవరూ చెప్పకపోతే, ఇరవయ్యేళ్ళ తరవాత ఆ పాపకే తెలియదు.

సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడూ ఇదే వరస. ఏడుస్తున్న పిల్లాడి తల ఒక్కటే ఉంచుతారు. ఒళ్ళో పెట్టుకుని గడ్డం కింద చెయ్యి వేసి పట్టుకున్న మేనమామ పోతాడు. ఆ చెయ్యే ఆ ఫొటోకి కీలకం. దానికి యజమాని లేకుండా పోతే అది ఎవరిదో గాలిలో తేలే చెయ్యి అవుతుంది.

స్టూడియోల్లో పాతతరంవారు ఈ పని తొందరపడి చేసేవారు కారు. అట్టను 'ఎల్' ఆకారంలో రెండు ముక్కలు కోసి, నమూనా ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి, దగ్గరికీ దూరానికీ జరిపి చూసేవారు. ఎక్కడ ఆగాలో తేలాక పెన్సిలు గీత పెట్టి, ఎన్‌లార్జరు కింద అంతమేరకే కాగితం మీద వేసేవారు. నెగటివు మాత్రం నిండుగా అలాగే ఉండేది. ఇవాళ్టికీ రెండు అట్టముక్కలకు మించిన పాఠం లేదు. అవి పట్టుకుంటే కొన్ని సంగతులు వాటంతటవే తెలుస్తాయి. మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర, మోకాలి దగ్గర కోస్తే పిల్లాడికి అవయవం తెగినట్టు ఉంటుంది. కోయక తప్పకపోతే తొడ మధ్యలోనో, జబ్బ మధ్యలోనో కోయాలి. పిల్ల ఎటు చూస్తోందో అటువైపు జాగా ఎక్కువ వదలాలి. పాక్కుంటూ వెళ్ళేవాడి ముందు నేల లేకపోతే గోడకు కొట్టుకునేలా కనిపిస్తాడు.

కత్తెర అసలే వద్దన్నవారూ ఉన్నారు. ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ అందులో ప్రథముడు. చట్రం కుదిరేదాకా మీట నొక్కకూడదనీ, నొక్కాక కోయకూడదనీ ఆయన పట్టు. తమాషా ఏమిటంటే 1932లో పారిస్ రైల్వేస్టేషను వెనక నీటిమడుగు మీదుగా దూకుతున్న మనిషిని ఆయన తీసిన జగత్ప్రసిద్ధ చిత్రం కోసినదే. కంచె సందులోంచి తీయడంవల్ల ఒక పక్క అడ్డు పడింది. దాన్ని తీసేశారు. ఇక ఆటోల వెనక, బనియన్ల మీద కనిపించే చే గువేరా బొమ్మ 1960 మార్చి 5న క్యూబాలో ఆల్బెర్టో కోర్డా తీసినది. పూర్తి నెగటివులో ఒక పక్క మరో మనిషి మొహం, ఇంకో పక్క తాటిజాతి చెట్టు ఆకులు ఉన్నాయి. అవి రెండూ పోయాకే అది ప్రపంచమంతా తిరిగింది. జెండాకు ఎక్కించే మొహానికి చుట్టూ ఏమీ ఉండనక్కరలేదు. ఇంట్లో పిల్లాడి సంగతి వేరు.

అంచున మిగిలిన ఊళ్ళు

విశాఖకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఈ జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళే కదిలిపోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం కోసం పల్లెలు ఖాళీ చేసి అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీలకు తరలివెళ్ళిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తరవాత గంగవరం పోర్టు కోసం మత్స్యకారులు తీరం వదిలారు. ఆ పల్లెల వీధులను, బావిగట్లను పనిగట్టుకుని ఫొటో తీసినవారు ఎందరు? కెమేరా ఇంటికి వచ్చిందంటే అది పిల్లాడి కోసమే వచ్చేది. వాకిట్లో మంచం వాల్చి, దానిమీద బోసినవ్వుల చంటివాణ్ణి కూర్చోబెట్టి తీసేవారు. వెనక తాటాకు చూరు, గాదె, కట్టేసిన గేదె, ఎవరో ముసలాయన. ఇవేవీ తీయాలని తీసినవి కావు, పక్కన పడినవి. చూరు బాగులేదని, గేదె అసహ్యమని కత్తిరించినవారు అనుకోకుండా ఊరినే కత్తిరించారు. అలాంటి కుటుంబాల్లో ఫొటోను నిండుగా దాచుకున్నవారికి ఇల్లు ఎటు తిరిగి ఉండేదో చెప్పే ఆధారం ఇంకా చేతిలో ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక నగరానికీ అదే అనుభవం. ఒక్కరోజులో చెట్లు వేల లెక్కన కూలాయి. కైలాసగిరి, జంతుప్రదర్శనశాల బోడిగా మిగిలాయి. క్వార్టర్ల ముందు నీడనిచ్చిన చెట్టు ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, చూపించడానికి మిగిలేది దానికింద సైకిలు నేర్చుకుంటున్న పిల్లాడి ఫొటోయే, అదీ పైభాగం కోయకపోతే. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన బంగ్లాదేశ్ ఓడ ముందు ఎందరో పిల్లలు నిలబడ్డారు. ఆ ఫొటోల్లో ఓడను కోసేస్తే అది మరో బీచి ఫొటో అవుతుంది, అంతే.

తెలియకుండా పడే కత్తెర

ఇంట్లోవారు కోయకపోయినా యంత్రం కోస్తుంది. ఫోన్లు సాధారణంగా తీసే బొమ్మ నాలుగుకు మూడు పాళ్ళలో ఉంటుంది. ప్రింటు వేయించే కాగితం ఆరుకు నాలుగు అంగుళాలు. రెండూ సరిపోలవు. కాగితం నిండా వేయాలంటే పొట్టి వైపున తొమ్మిదో వంతు పోవాలి. అడ్డంగా తీసిన ఫొటోలో అది పైనుంచో కిందనుంచో పోతుంది. అంటే పెద్దవాళ్ళ తలో, పిల్లల పాదాలో. ఫిల్ము రోజుల్లో దీనికి తలకిందుల చిక్కు. పొడుగాటి ముప్ఫయ్యైదు మిల్లీమీటర్ల నెగటివును పది ఎనిమిది కాగితం మీద వేస్తే పొడుగువైపు ఆరో వంతు తెగేది. గ్రూపు ఫొటోల్లో చివర నిలబడ్డ బాబాయిలు పోయింది అలాగే. తీసేటప్పుడే చుట్టూ వేలెడు జాగా వదిలితే ఈ గొడవ తప్పుతుంది. లేదా అంచులు తెల్లగా వదిలి పూర్తి బొమ్మ వేయమని ల్యాబువారికి ముందే చెప్పాలి.

ఫోనులో వేళ్ళతో సాగదీసి దగ్గరికి లాగడం కూడా చాలాసార్లు కత్తిరింపే, తీయకముందే చేసే కత్తిరింపు. కోటీ ఇరవై లక్షల చుక్కల బొమ్మను రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేవి ముప్ఫై లక్షలు. పోస్టుకార్డు సైజుకు చాలు. గోడకు పెట్టే పటానికి చాలదు. లేచి నాలుగడుగులు దగ్గరికి నడవడం చవక.

కోసి తీరవలసినవీ ఉన్నాయి. బీచిలో, పార్కులో వెనకాల ఆడుకునే పరాయి పిల్లలు ఫొటోలో పడతారు. పదిమందికి పంపేముందు వాళ్ళను తీసేయడం మర్యాద. సొంత పిల్లలదైనా బడి పేరున్న బ్యాడ్జి, ఇంటి నంబరు, స్నానం చేయిస్తున్న ఫొటోలు ఊరంతా తిరగనక్కరలేదు. పంపే కాపీని కోసుకోవచ్చు, అసలును ముట్టుకోకూడదు. చాలా ఫోన్లలో కోసినదాన్ని 'కాపీగా సేవ్' చేసే వీలుంది. అది నొక్కకుండా పాతదానిమీదే సేవ్ చేసి, పంపినచోట కోసినది మాత్రమే మిగిలి, ఫోను పోయాక విచారించేవారు ప్రతి బంధుబలగంలోనూ ఒకరుంటారు.

ప్రింటు వేయించినవారు వెనక తేదీ, ఊరు, అంచుల్లో ఉన్నవారి పేర్లతో సహా రాసిపెట్టుకోవచ్చు. బాల్‌పెన్ను నొక్కితే మొహం మీద గాట్లు లేస్తాయి. పాతకాలపు కాగితం మీదైతే మెత్తటి పెన్సిలు, ఇప్పటి నున్నటి కాగితం మీద పెన్సిలు పట్టదు కాబట్టి సన్నటి మార్కరు, ఆరేదాకా ఒకదానిమీద ఒకటి పేర్చకుండా.