ఇంజనాయిలు నడపు ఇంజెక్టరు

“ఆయిలు మార్చుటలో జాగు చేసినచో బేరింగు లరిగిపోవునని విన్నాము గాని, బండి నిలిచియుండగా ఇంజను మిస్సింగు కొట్టుటకును ఆయిలునకును సంబంధమేమి?” అని పాలిటెక్నిక్ విద్యార్థి యొకడు తరగతిలో నడిగెను. సామాన్యమైన డీజిలింజను మాట యైనచో ఆ సందేహము న్యాయమైనదే. అందు ఆయిలు కందెన మాత్రమే, ఇంధనమును చిమ్ము బాధ్యత వేఱొక పంపుది. కాని అమెరికాలో 1994 మొదలు ఫోర్డు ట్రక్కులలో అమర్చిన పవర్ స్ట్రోక్ ఇంజనుల విషయమున ఈ ప్రశ్నకు సమాధానము మిక్కిలి మనోహరమైనది. నావిస్టార్ నిర్మించిన ఆ ఇంజనులలో ఇంజెక్టరు నొత్తునది క్యాము కాదు. బేరింగులను తడుపు ఆ ఆయిలే.

హైప్రెషర్ పంపొకటి ఆ ఆయిలులో కొంతభాగమును గ్రహించి, ఐడ్లింగు వేళ చదరపు అంగుళమునకు సుమారు 500 పౌండ్ల పీడనముతోను, బరువు లాగునపుడు సుమారు 3,000 పౌండ్ల పీడనముతోను ఇంజెక్టరులకు అందించును. ఇంజెక్టరు లోపలి పిస్టనుకు పైముఖము విశాలము, అడుగున డీజిలు నొత్తు భాగము సన్నము. ఆ రెండింటి వైశాల్యముల నిష్పత్తి 7:1 గనుక, మేకు తలపై పడిన దెబ్బ మొనయొద్ద తీవ్రమగునట్లు, 3,000 పౌండ్ల ఆయిలు పీడనము డీజిలునందు 21,000 పౌండ్లగును. పాస్కల్ సూత్రమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణమును నేను పాఠ్యగ్రంథములలో చూడలేదు.

ఈ పవర్ స్ట్రోక్ వరుసలోనే 2003 నమూనాలో వచ్చిన 6 లీటర్ల ఇంజనునందు, ఇంజెక్టరులోనికి ఆయిలును విడుచు కవాటము మఱింత చతురమైనది. ఇంజెక్టరు తలలో స్పూలు అను చిన్న ఉక్కు స్తంభిక యొకటి రెండు విద్యుత్ చుట్టల నడుమ అటునిటు జరుగుచుండును. ఒక చుట్టకు 48 వోల్టుల విద్యుత్తు క్షణకాలము తగులగానే స్పూలు ఆ వైపునకు జరిగి ఆయిలునకు దారి విడుచును, రెండవ చుట్టకు తగులగానే వెనుకకు వచ్చి దారి మూయును. దానిని వెనుకకు నెట్టు స్ప్రింగు లేదు; కరెంటు ఆగిన పిదప ఉక్కులో మిగిలిన అయస్కాంతత్వమే దానిని ఉన్నచోట నిలుపును. ఇట్టి కవాటములకు పేరొందినవాడు స్టర్మన్ అను ఇంజనీరు. ఆయన సంస్థకును కేటర్పిల్లర్ కంపెనీకిని కవాటపు సొత్తు విషయమై నడచిన వ్యాజ్యము 2004 లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము దాక పోయినది. అంత విలువైన వస్తువు మఱి!

ఆ చాతుర్యమే దాని బలహీనత. గడువు మీఱిన ఆయిలు వేడికి ముదిరి, స్పూలునకును దాని గూటికిని నడుమనుండు కొలది మైక్రానుల సందులో వార్నిషువంటి జిగట పొరను పేర్చును. స్ప్రింగు తోడు లేని స్పూలు, క్షణికమైన అయస్కాంతపు లాగుడునకు ఆ జిగటను వెంటనే వదలించుకొనలేక ఆలస్యముగా కదలును. దీనికి తోడు, పాతబడిన ఆయిలులో నురుగు నణచు రసాయనము క్షీణించుటచే గాలిబుడగలు నిలిచిపోవును. ద్రవము నొక్కిన నొదగదు గాని గాలి యొదుగును గదా, కావున పీడనము నిలకడ తప్పును. ఐడ్లింగులో ఒక్కొక్క చిమ్ముడునకు పట్టు డీజిలు అత్యల్పము. పూర్తి బరువుపై నున్నపుడు లెక్కకు రాని యించుక తేడా అపుడు ఆ సిలిండరు వంతులో పెద్ద భాగమై, ఇంజను కుంటును.

రోగనిర్ణయము ఇందుండియే పుట్టును. ఉదయము చలిలో మిస్సింగు కొట్టి, ఇంజను వేడెక్కగానే సర్దుకొన్నచో స్పూలు జిగటను అనుమానింపవలెను. స్కానరులో ఆయిలు పీడనపు అంకె నిలువక ఊగులాడినచో బుడగలనో, పీడనమును నియంత్రించు కవాటమునో అనుమానింపవలెను. ఎనిమిది సిలిండర్లలో ఒక్కొక్కదాని ఇంజెక్టరును వరుసగా ఆపి చూడగా, దేనిని ఆపినపుడు వేగము తగ్గదో ఆ సిలిండరు అంతకుముందు పనిచేయుట లేదన్నమాట. లోపము ఇంజెక్టరుదో, కంప్రెషనుదో అటుపిమ్మట తేల్చవలెను. చుట్టలకు అందు 48 వోల్టులు తగ్గినను స్పూలు మందగించును గనుక, ఇంజెక్టరు విప్పకముందే మీటరుతో దానిని కొలుచుట ఉత్తమము. డిప్ స్టిక్కు తీసి చూచుట అన్నింటికన్న ముందు. దానికి ఖర్చు లేదు.

తరువాతి కథ స్వల్పము. ఆయిలు ప్రమేయము లేక, డీజిలునే ఒక గొట్టమున అధిక పీడనముతో నిలువచేసి పంచు కామన్ రైలు పద్ధతి ప్రత్యర్థిగా నిలిచి, 2001 లో జనరల్ మోటార్స్ వారి డ్యూరామాక్స్ ఇంజనులోను, 2003 లో కమిన్స్ ఇంజనులోను కుదురుకొనెను. 2008 నమూనాతో ఫోర్డు పికప్పులకు వచ్చిన 6.4 లీటర్ల ఇంజను కూడ కామన్ రైలుదే. నేడు మన దేశమున తయారగు డీజిలు లారీలలో పెక్కును ఆ పద్ధతివే. వీనిలో ఆయిలు అశ్రద్ధకు టర్బోయు బేరింగులును బలియగును గాని, ఇంజెక్టరు నొత్తు పనిలో ఆయిలునకు పాత్ర లేదు.