డ్రమ్స్ గది సరే... చెవుల సంగతేంటి?

మీ అబ్బాయో అమ్మాయో డ్రమ్స్ నేర్చుకుంటానంటే ముచ్చటపడి కొనిచ్చి ఉంటారు. వారం తిరక్కముందే పక్కింటివాళ్లు గేటు తట్టి ఉంటారు. పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లు, బీపీతో బాధపడే పెద్దలు... ఎవరి ఇబ్బంది వాళ్లది. దాంతో ‘శబ్దం బయటికి రాని గది కట్టించేద్దాం’ అనుకుంటారు. పెదవేగిలో సొంతిల్లు కట్టుకునేవారికైనా, ఏలూరు, తాడేపల్లిగూడెం అపార్ట్‌మెంట్లలో ఉండేవారికైనా ఆలోచన మంచిదే. అయితే ఆ గది కాపాడేది పక్కింటివాళ్ల నిద్రను. లోపల వాయించే పిల్లల చెవుల్ని కాదు. పైగా గట్టి గోడలకు తగిలిన శబ్దం తిరిగి వాళ్ల మీదికే వస్తుంది. కాబట్టి గది ఖర్చుతోపాటే చెవుల జాగ్రత్తా లెక్కలో వేసుకోండి.

చెవికీ ఓ లెక్కుంది

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమ కణాలుంటాయి. ఇవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటలకు మించి వినకూడదన్నది పనిచేసేచోట పెద్దలకు పెట్టుకున్న లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఈ సమయం సగానికి తగ్గిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. 100 డెసిబెల్స్‌కు వచ్చేసరికి 15 నిమిషాలే! గట్టిగా వాయిస్తే డ్రమ్స్ శబ్దం 100 దాటడం మామూలే. డప్పు, డోలు వాయించేవారికీ ఇదే వర్తిస్తుంది. పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్తగానే ఉండాలి.

సెల్లారా? ముందు నీటి సంగతి చూడండి

విదేశాల్లో డ్రమ్స్ గదిని ఇంటి అడుగున కట్టుకోవడం ఎక్కువ. చుట్టూ మట్టి ఉంటుంది కాబట్టి శబ్దం బయటికి తక్కువ వస్తుంది. మనదగ్గర మాత్రం నేలను బట్టి నిర్ణయించుకోవాలి. కైకలూరు లాంటి కొల్లేరు పరిసరాల్లో, కాలువల కింది పల్లపు ఊళ్లలో కొద్ది లోతులోనే నీరు పడుతుంది. అక్కడ సెల్లార్ తవ్వితే వానాకాలమంతా చెమ్మే. చెమ్మ ఉంటే బూజు పడుతుంది. బూజుతో తుమ్ములు, దగ్గు మొదలవుతాయి, ఆస్తమా ఉన్నవారికి అది ఎక్కువవుతుంది. పెదవేగి లాంటి మెట్ట ప్రాంతంలోనూ గోడలకు, నేలకు వాటర్‌ప్రూఫింగ్, నీటిని తోడేందుకు సంప్, మోటారు లేకుండా సెల్లార్ జోలికి వెళ్లొద్దు. చాలామందికి కింది అంతస్తులో, పక్కింటి గోడకు దూరంగా ఉన్న గదే మేలు.

అట్టలు అతికిస్తే ఆగదు

గుడ్ల ట్రేలు, ఫోమ్ షీట్లు గోడకు అతికిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుందే కానీ, శబ్దం బయటికి పోకుండా ఆపదు. గుడ్ల ట్రేలతో ఆపాటి ప్రయోజనమూ ఉండదు. పైగా మామూలు ఫోమ్, థర్మకోల్ ఇట్టే అంటుకుంటాయి. వాటి పొగ ప్రాణాంతకం.

శబ్దాన్ని ఆపేవి మూడే: బరువు, సందు లేకపోవడం, గోడకు గోడ తగలకపోవడం. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన 9 అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మామూలు ఫ్లష్ తలుపు తగ్గించేది 20, 25 మాత్రమే. అంటే గోడకు ఎంత పెట్టినా శబ్దం తలుపులోంచి పోతుంది. బరువైన తలుపు పెట్టించి, చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించండి. కింది సందు మూయించండి. వీలైతే కాస్త ఎడంగా రెండో తలుపు పెట్టించండి. కిటికీలు, కరెంటు పైపుల రంధ్రాలూ మరవొద్దు.

పాత గోడకు తగలకుండా లోపల మరో ఫ్రేమ్ కట్టి, మధ్యలో రాక్‌వూల్ నింపి, పైన రెండు పొరల జిప్సం బోర్డు వేస్తే ఫలితం బాగుంటుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లవుజులు తప్పనిసరి. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ అదురు నేలలోంచి పాకుతుంది. అందుకే డ్రమ్స్ కింద మందపాటి రబ్బరు మ్యాట్, దానిమీద ప్లైవుడ్ వేదిక ఉండాలి.

గాలి ఆడాలి

శబ్దం పోని గదిలో గాలీ ఆడదు. స్ప్లిట్ ఏసీ ఉంది కదా అనుకోవద్దు. అది గదిలోని గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. మూసిన గదిలో గంటసేపు చెమటోడ్చి వాయిస్తే తలనొప్పి, మగత, చికాకు వస్తాయి. వంకరగా తిప్పి, లోపల రాక్‌వూల్ పరిచిన డక్టు ద్వారా గాలి వచ్చేందుకు ఒకటి, పోయేందుకు ఒకటి ఏర్పాటు చేయించండి. అరగంటకోసారి తలుపు తీసి పది నిమిషాలు ఆగాలి. అది చెవులకూ విశ్రాంతి. మే నెల ఎండల్లో కరెంటు పోతే ఆ గదిలో ఉండనివ్వొద్దు. తలుపు లోపలినుంచి తేలిగ్గా తెరుచుకునేలా ఉండాలి.

వాయించేటప్పుడు...

* సంగీతకారుల ఇయర్‌ప్లగ్గులు లేదా ఇయర్‌మఫ్‌లు పెట్టుకోవాలి. దూది శబ్దాన్ని ఆపదు. నేర్పే మాస్టారూ పెట్టుకుంటే పిల్లలకు అలవాటవుతుంది.
* రోజువారీ సాధనకు ప్రాక్టీస్ ప్యాడ్లు, మెష్ హెడ్లు చాలు. ఇవి చాలా ఇళ్లలో గది ఖర్చునే తప్పిస్తాయి.
* ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అయితే హెడ్‌ఫోన్స్ శబ్దం తక్కువగా ఉంచాలి. పిల్లలకు 75 డెసిబెల్స్‌తో వారానికి 40 గంటలు మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
* చట్టం ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో గది బయట ఓ అంచనాకు రావచ్చు. అంతకన్నా మంచి మీటరు, పక్కింటి పెద్దావిడను ఓ మాట అడగడమే.

ఎప్పుడు డాక్టర్‌ను కలవాలి?

సాధన అయ్యాక చెవిలో గుయ్‌మంటున్నా, మాటలు దూరం నుంచి వస్తున్నట్టు అనిపిస్తున్నా అది హెచ్చరికే. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ నిపుణుల్ని కలవండి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే మాత్రం అత్యవసరంగా భావించాలి, ఆరోజే చూపించాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా డ్రమ్స్ మొదలుపెట్టేముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఆడియోమెట్రీ చేయించండి. వినికిడి మొదట తగ్గేది సన్నటి, కీచు శబ్దాలకు. అది పిల్లలకు తెలియదు, మీకూ తెలియదు. పరీక్షలోనే బయటపడుతుంది.