అటక మీది సెమ్మె... కరెంటు దీపంగా!

మీ ఇంట్లో అటక మీద పాత ఇత్తడి సెమ్మెలు ఉన్నాయా? ఉండే ఉంటాయి. పండగకో, పెళ్ళికో దింపి తోముకుంటాం, అయిపోగానే మళ్ళీ అటకెక్కించేస్తాం. పాత సామాన్లవాడు వస్తే తూకానికి వేసేసేవాళ్ళూ లేకపోలేదు. అలా అమ్మేసుకోకండి. చక్కటి టేబుల్ లాంపుగా మార్చుకోవచ్చు. కానీ తొందరపడి నాలాగ మాత్రం చెయ్యకండి!

ఒకరోజు మా అమ్మాయి సెల్‌ఫోనులో ఫొటో చూపించింది. ఫ్రాన్సు దేశపు పాత కొవ్వొత్తి స్టాండ్లట, టేబుల్ లాంపులుగా మార్చారు. బంగారంలా ధగధగలాడుతున్నాయి. నిజంగా బంగారు పూతే! కంచుతో పోతపోసి, బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్దచేసి పట్టించి, నిప్పుల మీద కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకునేది. ఆ పొగ పీల్చిన పనివాళ్ళు జబ్బుపడి చిన్నవయసులోనే పోయేవారు. 1840ల నుంచి కరెంటుతో పూతవేసే పద్ధతి వచ్చి, ఆ పని క్రమంగా తగ్గిపోయింది. ఇళ్ళకు కరెంటు వచ్చాక అక్కడివాళ్ళు ఆ స్టాండ్లకే బల్బులు అమర్చుకున్నారు.

"అమ్మా, మన నానమ్మ సెమ్మెలు ఉన్నాయిగా!" అంది అమ్మాయి. మా అత్తగారు కాపురానికి వస్తూ తెచ్చుకున్న జత అది. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు కరెంటు పనిచేసే కుర్రాణ్ణి పిలిపించాను. ప్రమిద నడిమధ్య డ్రిల్లు పెట్టి తొలిచి, రెండు తీగల వైరు దూర్చి, గంటలో వెలిగించాడు. మురిసిపోయాను. నాలుగు రోజులకి తడిచేత్తో తుడవబోతే జిల్లున షాకు కొట్టింది! కాళ్ళకింద చాప ఉంది కాబట్టి బతికిపోయాను. కన్నం అంచు వాడిగా ఉండి వైరు తొడుగు కోసుకుపోయింది. ఎర్తు తీగ అసలు లేనేలేదు.

అత్తగారు వచ్చి చూశారు. కోప్పడలేదు. సెమ్మెను కొంగుతో తుడిచి, "ఇంక ఇందులో నూనె నిలవదే అమ్మాయ్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఫ్రాన్సు స్టాండ్లకైనా తొలవనివాటికే విలువ ఎక్కువని తర్వాత తెలిసింది.

అందుకే రెండో సెమ్మెను ఒక్క కన్నం కూడా పెట్టకుండా మార్చాను. ఎలాగో చెబుతాను, వినండి.

కావలసినవి: మరలతో విడిపోయే సెమ్మె, చెక్క గుబ్బ, హోల్డరు, 5 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు, మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు, గుడ్డ షేడు.

చేసే విధానం: సెమ్మె పైనుండే ప్రమిదను మర తిప్పి తీసి భద్రంగా దాచండి. దాని బదులు ఆ మరకే సరిపడేలా చెక్క గుబ్బ చేయించండి. మా నర్సీపట్నం వాళ్ళకి ఏటికొప్పాక ఉండనే ఉంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఊరు. కొలతకి సెమ్మెనే పట్టుకెళితే తరిణి మీద పట్టి నున్నగా చేసి ఇచ్చారు. మీ ఊళ్ళో వడ్రంగి అయినా చేస్తాడు. గుబ్బ మీద హోల్డరు బిగించి, వైరును గుబ్బ పక్కనుంచి బయటికి తీసి, సెమ్మె వెనకగా కిందికి దించాలి. ఆకుపచ్చ తీగ ఎర్తుది. దాని కొసకి చిన్న రింగు వేసి, గుబ్బకీ ఇత్తడికీ మధ్య గట్టిగా బిగించాలి. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మీ ప్లగ్ పాయింటుకి ఎర్తు సరిగ్గా ఉందో లేదో కూడా అతనిచేతే చూపించుకోండి.

జాగ్రత్తలు: పాత రకం 60 వాట్ల బల్బు వేడికి చెక్క, గుడ్డ మాడతాయి కాబట్టి పెట్టకండి. షేడు మరీ పెద్దదైతే సెమ్మె ఒరిగిపోతుంది. తుడిచేముందు ప్లగ్గు పీకెయ్యడం మరవకండి. తోమాలంటే గుబ్బ, వైరు విప్పేసి ఉత్త ఇత్తడినే చింతపండుతో తోమి, బాగా ఆరాకే బిగించండి. బంగారు పూత ఉన్న వస్తువులకి మాత్రం చింతపండు, నిమ్మచెక్క, పాలిష్ ఏవీ తగలనివ్వకండి. రోల్డ్‌గోల్డ్ గొలుసుని బూడిదపెట్టి తోముతామా? ఇదీ అంతే. పొడి మెత్తటి గుడ్డ చాలు.

తొలిచి చేయించుకోవాలనే ముచ్చట ఉంటే కొత్త సెమ్మె కొనుక్కోండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరుపొందింది. పెద్దవాళ్ళ వస్తువు జోలికి మాత్రం వెళ్ళకండి.

మొన్న కార్తీక పౌర్ణమికి మా అత్తగారు తనే గుబ్బ విప్పి, ప్రమిద బిగించి, నువ్వులనూనె పోసి వెలిగించారు. మర్నాడు మళ్ళీ నేను బల్బు పెట్టుకున్నాను. కన్నం పడ్డ సెమ్మెకీ మంచి వైరు, ఎర్తు వేయించి హాల్లో ఉంచాను. అది వెలుగుతూనే ఉంది, కానీ తులసికోట దగ్గరికి ఇక వెళ్ళలేదు. మీ ఇంటి సెమ్మెకి ఆ గతి పట్టనివ్వకండి!