88 దగ్గర ఆగిన ముల్లు

మా పడకగది తలుపు వెనకాల ఒక తూకం యంత్రం ఉంది. ముల్లు తిరిగే పాతరకం. అంకెలు వెలిగే కొత్తరకం కొందామని మా అబ్బాయి అంటే నేనే వద్దన్నాను. ముల్లయితే కాస్త పక్కకి వంగి చూసి, మనకి కావలసినట్టు చదువుకోవచ్చు కదా! ఆ యంత్రం ముందు నేను పడ్డ పాట్లు చెబుదామనే ఈ నాలుగు మాటలూను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా నాలాంటివాళ్ళు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉంటారు కనక చెబుతున్నాను.

నేను రాజమండ్రిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. 2023 జనవరి నాటికి నా బరువు 118 కిలోలు. అప్పటికి పదేళ్ళుగా చక్కెర జబ్బు. మోకాళ్ళ సంగతి సరేసరి. రాత్రిళ్ళు నిద్రలో నాకు ఊపిరి ఆగి, మళ్ళీ ఆడుతూ ఉండేది. నేను హాయిగానే పడుకునేదాన్ని. ఆ ఊపిరి మళ్ళీ ఎప్పుడు ఆడుతుందా అని మా వారు మంచం మీద లేచి కూర్చునేవారు. తాగని కషాయం లేదు, నడవని నడక లేదు. అయిదు కిలోలు తగ్గడం, ఏడు కిలోలు పెరగడం. చివరికి డాక్టరుగారు ఆపరేషన్ తప్ప మార్గం లేదన్నారు.

డబ్బెక్కడిది? కోనసీమలో మా వారికి వాటాగా వచ్చిన కొబ్బరితోటలో ఎనిమిది చెట్లున్న ముక్క అమ్మేశారు. మా ఆడపడుచు ఊరుకుంటుందా? "నోరు కట్టుకుంటే పోయేదానికి నాన్న వేసిన చెట్లు అమ్మడమేమిటన్నయ్యా?" అంది. మా వారు జవాబు చెప్పలేదు. ఆ ఎనిమిది చెట్లూ ఆనాటి నుంచీ నా నెత్తిమీదే ఉన్నాయనుకోండి.

నాకు చేసినదాన్ని స్లీవ్ ఆపరేషన్ అంటారు. జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతులు, ఇంకా కాస్త పైగానే, కోసి తీసేసి మిగతాదాన్ని అరటికాయంత సన్నని గొట్టంలాగా కుట్టేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అంచేత చోటూ తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. మొదటి వారాల్లో పప్పుకట్టు నాలుగు చెంచాలు తాగితే పెళ్ళిభోజనం చేసినట్టుండేది నాకు.

బరువు ఎలా దిగిందంటారు? వారం వారం వచ్చే సీరియల్‌లా, 'సశేషం' అన్నట్టు దిగింది. మూడోవారంలో ఒకసారి ఆగితే హడలిపోయాను గానీ, అది అందరికీ ఆగేదేనట. మన ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు అదీ, ఆ నీళ్ళూ పోతాయి. మొదటి పదిహేను రోజుల సంబరం చాలావరకు నీళ్ళ సంబరమే. తరువాత ఒళ్ళు కాస్త సర్దుకుని, అసలు కొవ్వు జోలికి వెళుతుంది. అన్నట్టే నాలుగోవారం చివర ముల్లు కదిలింది. జులై ఆఖరుకి 88. ముప్పై కిలోలు! చక్కెర మాత్రలు డాక్టరుగారు ఒక్కొక్కటే తీసేశారు. ఊపిరి ఆగడం కూడా పోయింది. మా వారు ఇప్పుడు గురకపెట్టి నిద్రపోతున్నారు, ఆయన గురకకి నాకు మెలకువ వస్తోంది. అది వేరే కథ.

ఆగస్టు వచ్చింది. 88. సెప్టెంబరు. 88. దసరాలకి ఆడపడుచు వచ్చి, "ఇంకా తగ్గాలన్నావుగా వదినా, ఆగిపోయిందా?" అంది. పాపం, మామూలుగానే అందేమో. నాకు మాత్రం కొబ్బరిచెట్లు కూలినట్టు వినిపించింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని శుద్ధ తెలివితక్కువ పని. తిండి ఇంకా మానేశాను. సోమవారం శివుడి పేరు చెప్పి, శనివారం వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి పస్తులు. మిగతా రోజుల్లో ఒంటిపూట. పదిరోజులు గడిచాయో లేదో, తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద త్రిభుజం గీస్తూ గీస్తూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. పిల్లలు నీళ్ళు చల్లారు. ఆపరేషనైన నాలుగోనెల నుంచీ రాలుతున్న జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి రాసాగింది. ముల్లు మాత్రం 88 మీదే, ఏమీ ఎరగనట్టు.

ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు. డాక్టరుగారు నన్ను తిట్టకుండా ముందు పరీక్షలు చేయించారు. థైరాయిడ్, రక్తం, బి12, ఇనుము అన్నీ చూశారు. కుట్టిన కడుపు మళ్ళీ సాగిందేమోనని మందు తాగించి ఎక్స్‌రే తీశారు. అంతా సవ్యంగానే ఉంది. "మీ కడుపు బాగానే ఉందండీ" అన్నారాయన. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కడుపు తప్పు కాకపోతే తప్పు నాదేగా!

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. 118 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా ఒళ్ళు ఎక్కువ ఖర్చు పెడుతుంది. 88 కిలోల మనిషికి ఆ ఖర్చు లేదు. జీతం తగ్గిన ఇల్లాలిలాగా ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుంది, మనం అనుకున్నదానికన్నా కూడా ఎక్కువే నేర్చుకుంటుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 45 సంవత్సరాల్లో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది పడుచువాళ్ళకి, వాళ్ళ ఒప్పుదలతోనే, 24 వారాలపాటు తిండి సగానికి తగ్గించి చూశాడు. ఒంటి బరువులో నాలుగోవంతు పోయింది. కానీ దానితోపాటు, ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఒళ్ళు చేసే ఖర్చు కూడా బాగా పడిపోయింది. చివరి వారాలకి వచ్చేసరికి అంత తక్కువ తిండి తిన్నా బరువు తగ్గడం దాదాపు ఆగిపోయింది. పైగా పస్తుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. కండ పోతే ఖర్చు ఇంకా తగ్గుతుంది. నా సోమవారాలూ శనివారాలూ చేసిన ఘనకార్యం అదన్నమాట.

"ఇది ఒక సంగతి. రెండోది మా డైటీషియన్ చెబుతుంది" అని పక్కగదికి పంపించారు.

ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు. "అమ్మా, వారం రోజులు నోట్లోకి వెళ్ళినవన్నీ రాయండి. మంచినీళ్ళు తప్ప అన్నీను" అంది. లెక్కల టీచరుని నేను, పద్దు రాయలేనా? కొత్త నోటుపుస్తకం కొన్నాను. ఇడ్లీ ఒకటి. పప్పూ అన్నం అరకప్పు. సాయంత్రం మజ్జిగ. రాత్రి చిన్న చపాతీ. ఎంత ముచ్చటగా ఉందో! మూడురోజులు అలా రాశాక నాకే అసహ్యం వేసింది. ఎందుకంటే అది అబద్ధాల పుస్తకం.

బడి నుంచి రాగానే టీ. వంట చేస్తూ టీ. రోజుకి నాలుగు, కప్పుకి రెండేసి చెంచాల పంచదార. పంచదార ఒక్కటే కూడితే 160 కేలరీలు తేలాయి, పాలు వేరే. టీతో బిస్కట్లు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని రెండు గరిటెలు. అన్నంలో చారు పోసి, గుజ్జుగా పిసికి, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ మింగడం. ఇక అన్నిటికన్నా పైన జంతికలు.

జంతికల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంత చిన్న కడుపులో జంతికలు ఎలా పట్టాయని మీరడగవచ్చు. అదే తమాషా. గట్టి పెసలో, పనీరు ముక్కో నమిలి తింటే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, చాలాసేపు అలాగే ఉంటుంది. జంతిక, బిస్కట్, ఐస్‌క్రీమ్, పిసికిన చారన్నం లాంటివి కడుపులో నిలవవు, జారిపోతాయి. పావుగంటకి మళ్ళీ చోటు ఖాళీ. ఆపరేషన్ కాపలాకాసేది ఒక్కసారి తినే రాశికే గానీ, రోజంతా కొంచెం కొంచెం నమిలేదానికి కాదు. గుమ్మం దగ్గర జవాను కూర్చున్నా కిటికీలోంచి దొంగ దూరినట్టు.

ఆ ఆగస్టు నుంచీ మా ఇంట్లో జంతికల డబ్బా వారం తిరక్కుండా ఖాళీ అయ్యేది. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు, ఇంట్లోంచే కాలేజీకి వెళతాడు. "చదువు మానేసి రాత్రంతా ఇవే నములుతున్నావురా?" అని మా వారు వాడి మీద రెండుసార్లు కేకలేశారు. వాడు "నేను కాదు నాన్నా" అన్నాడు. నేను గిన్నెలు తోముతూ విన్నాను. తోముతూనే ఉన్నాను. పసివాడిగా ఉన్నప్పుడు అబద్ధం ఆడాడని వాడి చెవి మెలిపెట్టినదాన్ని, ఆ రోజు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఎనిమిది చెట్లు అమ్మిన మనిషి ముందు 'ఆ డబ్బా నేనే ఖాళీ చేశాను' అని ఎలా చెప్పను?

నాలుగోరోజు నుంచి నిజం రాశాను. జంతికలు ఎన్నో లెక్కపెట్టి మరీ. ఆదివారం పొద్దున పుస్తకం బల్లమీద మరిచిపోయాను. మరిచిపోయానో కావాలనే వదిలేశానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. పూజ ముగించుకుని వచ్చేసరికి మా వారు కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నారు. ఆయన సహకార బ్యాంకులో పద్దులు చూసే మనిషి. చివరిదాకా చదివి, జేబులోంచి పెన్ను తీసి, "గురువారం కూడిక తప్పు వేశావు. 110 తక్కువ చూపించావు" అని దిద్దారు. అంతే. కాసేపటికి అబ్బాయి గదిలోకి వెళ్ళారు. ఏం చెప్పారో తెలియదు. వాడు బయటికి వచ్చి, "అమ్మా, జంతికలకి సారీ అట నాన్న. నువ్వు చెప్పవా?" అన్నాడు. చెప్పాను. కన్నకొడుక్కి క్షమాపణ చెప్పడం కడుపు కోయించుకోవడం కన్నా కష్టమని అప్పుడు తెలిసింది.

పుస్తకం చూసి డైటీషియన్ అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు. మాంసకృత్తులు, అదే ప్రొటీన్లు, రోజుకి కనీసం 60 గ్రాములు ఉండాలి, మీకు సగమైనా అందడంలేదు అంది. మేము శాకాహారులం. అంచేత ముందు పనీరో, మీల్ మేకరో, పెసలో, శనగలో, గట్టి పెరుగో తినాలి, తరవాత కూర, ఆఖర్ని చోటుంటే అన్నం. మా అత్తగారు బతికి ఉంటే ఈ వరస చూసి ఏమనేవారో! నీళ్ళు అన్నంతో కాదు, తిన్న అరగంటకి. టీ రెండే, పంచదార లేకుండా. మొదటివారం ఆ టీ తాగుతుంటే పరీక్షపేపర్లు ఉడకేసిన నీళ్ళలా ఉండేది, నెలకి అలవాటైంది. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఎలాగూ జీవితాంతం మానకూడదు.

ఇక కండ సంగతి. గోదావరి గట్టున కోటిలింగాల రేవు దాకా నడక అప్పటికే ఉంది. అది చాలదు, బరువులెత్తాలి అన్నారు. చీరకట్టుకుని బరువులేమిటని నవ్వాను. లీటరు నీళ్ళసీసాలు రెండు చేతులా పట్టుకుని ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూర్చోవడం, ఇలా వారానికి మూడురోజులు. మొదట ఆరుసార్లు లేచేసరికి తొడలు వణికాయి. సంక్రాంతి నాటికి ముప్పై.

ముల్లు వెంటనే కదిలిందనుకుంటున్నారా? లేదు. అయిదువారాలు అలాగే ఉంది. కానీ జాకెట్లు కుట్టే అతను కొలతలు తీస్తూ, "అమ్మగారూ, రెండంగుళాలు తగ్గించమంటారా?" అని అడిగాడు. కండ పెరిగి కొవ్వు తగ్గితే యంత్రానికి తెలియదు, టేపుకి తెలుస్తుందట. డిసెంబరు రెండోవారంలో ఒక సోమవారం 87 అయింది. వంగి చూశాను, నిటారుగా నిలబడి చూశాను. 87. మార్చికి 84. ఆపరేషనైన ఏడాదిన్నరకి, అంటే 2024 జులైకి, 80. నెలకి ఒక కిలో చొప్పున, నత్తనడకే. అక్కడ మళ్ళీ ఆగింది. ఈసారి నేను పస్తుండలేదు. చాలామందికి ఏడాది, ఏడాదిన్నర తరవాత ఎక్కడో ఒకచోట ఆగుతుందనీ, ఆ పైన కాస్త పెరగడమూ కద్దనీ డాక్టరుగారు చెప్పారు. వారానికొకసారి పొడుచుకునే కొత్తరకం ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకీ వచ్చాయి. కొందరికి వాటి అవసరం ఉండవచ్చట, నాకు ఇప్పటికి అక్కర్లేదన్నారు.

మొన్న సంక్రాంతికి ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. పళ్ళెంలో జంతికలు పెట్టి, "తింటావా వదినా, తినకూడదా?" అని అడిగింది. తీసుకున్నాను, బాగా నమిలి తిన్నాను. రాత్రి పుస్తకం తీసి 'జంతికలు, 2' అని రాస్తున్నాను. మా వారు పక్కమంచం మీంచి, కళ్ళు మూసుకునే, "మూడు" అన్నారు.

మూడే. దిద్దాను.