అసలు ఎముకలు, అతికిన తల

ఆ మధ్య కోనరావుపేట నుంచి కొందరు బడిపిల్లలను హైదరాబాదులోని బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకుపోయాం. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం చుట్టూ రెండుసార్లు తిరిగి ఏడో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "సార్, ఇండ్ల అసలుది ఏది, చేసింది ఏది?"

మ్యూజియం చూడవలసిన పద్ధతి అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ప్రాణహిత ఒడ్డున, సిరొంచ దగ్గర, కోట అనే ఊరుంది. ఆ ప్రాంతపు జురాసిక్ కాలపు రాతిపొరలను ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. 1970ల చివరలో అప్పటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారు ఆ పొరల నుంచి ఎనిమిది వందలకు పైగా ఎముక భాగాలు సేకరించారు. 1988లో పి. యాదగిరి ఆ జంతువుకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. రాజుల చరిత్రలకెక్కని పల్లె భూమి చరిత్రకెక్కింది.

అయితే ఆ ఎముకలు ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. పళ్లు కొన్ని తప్ప తల దొరకలేదు. అక్కడ మనం చూసే తల చేసిపెట్టినది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టిన బరపాసారస్‌ది కూడా ఇదే కథ. అదీ మన గోదావరి లోయదే. వంగభాషలో 'పెద్ద కాలు' అని దాని పేరుకు అర్థం; 1961 నాటి రవీంద్రుని శతజయంతికి గుర్తుగా 'టాగోరై' చేర్చారు. దాని తలా దొరకలేదు.

నకలు అనగానే మోసం అనుకోవడం తొందరపాటు. నకళ్లు రెండు రకాలు. అసలు ఎముక మీద రబ్బరు పూతపూసి అచ్చుతీసి, అందులో ప్లాస్టరో ఫైబర్ గ్లాసో పోస్తే ఎముక మీది పగులుతో సహా దిగుతుంది. అది సాక్ష్యం. దొరకని భాగాన్ని బంధుజంతువులతో పోల్చి మలిచేది రెండోది. అది ఊహ. రెండూ అవసరమే, రెంటికీ ఒకే రంగు పూసి చూపడమే తప్పు.

మన తాళపత్ర పరిష్కర్తలకు ఈ నీతి తెలుసు. ఆకు చెదలు తిన్నచోట 'గ్రంథపాతం' అని రాసి వదిలారు. సొంత పద్యం అతికి ప్రాచీన కవి పేరు పెట్టినవాణ్ణి మనం పరిష్కర్త అనం. మ్యూజియంలోనూ గ్రంథపాతం కనబడాలి.

ఇక నకలు ఎవరి చేతికి చేరుతున్నదన్న ప్రశ్న ఉంది. అమెరికా ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ డిప్లోడోకస్ అచ్చును 1905లో లండన్ మ్యూజియానికి కానుకిచ్చాడు. తరువాత బెర్లిన్, పారిస్ వంటి రాజధానులకూ పంపాడు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మెను అణచిన కంపెనీ ఆయనదే. అచ్చులు రాజుల సభల్లోకి పోయాయి. కానీ అచ్చు స్వభావం అది కాదు. ఒక మూస నుంచి ఎన్నైనా తీయవచ్చు. అసలు ఎముక ఒకచోటే ఉండగలదు, ఉండాలి కూడా. కొని ఇంట్లో దాచుకుంటే అది శాస్త్రానికి దక్కదు. నకలు మాత్రం ప్రతి బడికీ పోగలదు.

తిరిగొచ్చాక పిల్లలు బంకమట్టిలో ఆకులూ నత్తగుల్లలూ అద్ది ప్లాస్టర్ పోశారు. విరిగిన గుల్లకు ఒక పిల్లవాడు అంచు అతికి, దాని మీద పెన్సిలుతో "ఇది నేను చేసింది" అని రాశాడు. మా బడి బీరువాలో ఇప్పుడు పదకొండు అచ్చులున్నాయి. గోదావరి ఎముక అచ్చు ఒక్కటీ లేదు. ఆ ఎముకలు మన నేలవి. వాటి అచ్చులు మన బడులకు రావాలని అడగడం అత్యాశ కాదు.